మాన్యంలో నాలుగు గూటాలు

రేవిల్లు, పోర్ట్ ఆర్డీ.
సెప్టెంబరు నెలాఖరు.

గేవిన్‌కి నీ మైసీ రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. మీ అమ్మ క్షేమం, ఆవిడ నోరు మరీ క్షేమం. ఎర్రపెట్టని నక్క ఎత్తుకుపోయింది, తక్కిన కోళ్ళు క్షేమం. నువ్వు కూడా ఆ కేప్ టౌన్ ఎండలో మాడిపోకుండా, వేళకింత తిని, ఒంట్లో బాగుండి ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. ఎందుకు ఆలస్యమైందో ఇది చదివాక నీకే తెలుస్తుంది.

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. వంటింటి కప్పు కారడం లేదు. వెళ్ళేముందు నువ్వు వేసిన పలకరాళ్ళు ఒక్కటీ కదల్లేదు. మీ అమ్మ మోకాలు వానకి ముందు నొప్పెడుతుంది, వాన వెలిశాక నొప్పెడుతుంది, ఎవరైనా పరామర్శకి వస్తే ఇంకా ఎక్కువ నొప్పెడుతుంది. పాత పడవకి తారు పూయించాను. ఏటి మీద వంతెన కట్టాక దాన్ని ఎక్కేవాళ్ళు లేరుగానీ, ఎండకి నెర్రెలిచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఇక నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న. మార్చిలో ఇక్కడి రేవుగోడ పని ఒప్పందం అయిపోతుంది, మళ్ళీ సంతకం పెడితే ఇంకో ఐదేళ్ళు, ఒంటరిగా ఉండలేను, రేవిల్లుకి తాళం పెట్టి అమ్మని తీసుకుని వచ్చెయ్యి, వస్తావో రావో ఒక్క మాటలో తేల్చి చెప్పు అని రాశావు. చెబుతాను. ఆఖర్న చెబుతాను. ఇప్పుడే చివరి కాగితం తిప్పి చూడకు, నీ సంగతి నాకు తెలుసు. మీ అమ్మకి ఆ ముక్క చదివి వినిపించాను. "ఓడెక్కడానికి నాకేం భయం లేదే. అక్కడ చలి ఉండదంటున్నాడు చూడు, చలి లేని చోట మనిషి ఎముకలు ఏం పట్టుకుని నిలబడతాయే?" అంది.

మన దిబ్బల మీద పెద్ద గోల్ఫ్ మైదానం చేస్తున్నారట నిజమేనా అని కూడా అడిగావు. నిజమే. ఈ నెలంతా ఊళ్ళో వేరే మాట లేదు.

నువ్వున్నప్పటి ఆట నీకు తెలుసు కదా. స్టేషను పక్క బెస్తవాళ్ళ పచ్చిక మీద మొదటి దెబ్బ కొట్టి, సముద్రాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని, గుంట తర్వాత గుంట చొప్పున దక్షిణంగా నడుచుకుంటూ మన గుమ్మం దాకా వచ్చేవాళ్ళు. ఇక ఏరు అడ్డం గనుక ఇక్కడే వెనక్కి తిరగాలి. తిరిగేముందు దాహం వెయ్యక తప్పదు. నా అల్లం సోడా, ఓట్స్ రొట్టె లేకుండా తిరుగుముఖం పట్టిన మనిషిని నేను చూడలేదు. నువ్వు వెళ్ళాక ఈ ఇల్లు నడిచింది ఆ సోడా మీదే.

ఇప్పుడు క్లబ్బు పెట్టారు. దొరగారి దివాను క్రూక్‌షాంక్ దానికి అధ్యక్షుడు. డాక్టరు గారున్నారు, బ్యాంకు ఆయన ఉన్నాడు, ఇంకా ఎవరెవరో ఉన్నారు. రైలు దిగి వచ్చే వేసవి జనానికి బట్టలు మార్చుకోవడానికి, టీ తాగడానికి, ఓడిపోయినందుకు సాకులు చెప్పుకోవడానికి ఒక ఇల్లు కావాలట. క్లబ్బిల్లు. ఆ ఇల్లు ఎక్కడ కట్టాలో, గుంటలు ఏ వరసలో పోవాలో చెప్పడానికి గోల్ఫ్‌కి పేరుపడ్డ ఫైఫ్ నుంచి స్ట్రాకన్ అని ఒకాయన్ని పిలిపించారు.

ఆయన ఊళ్ళో సత్రంలో దిగకుండా మనింట్లో దిగాడు. పని చేసే నేల మీదే పడుకోవాలట. పొట్టి మనిషి, గడ్డం ఎర్రన, ఒకప్పుడు గోల్ఫ్ కర్రలు చెక్కేవాడట. వచ్చిన రోజే దిబ్బల మీద బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించి చూస్తున్నాడు. కిటికీలోంచి మీ అమ్మ చూసి, "మైసీ, ఆయనకి మూర్ఛరోగం ఉందేమో, తాళాలు పట్టుకెళ్ళు" అని ఒకటే గోల. పట్టుకెళ్ళాను కూడా.

"మూర్ఛ కాదమ్మా," అన్నాడు లేవకుండానే. "నిలబడి చూస్తే నేల అబద్ధం చెబుతుంది. పడుకుని చూస్తే చెప్పదు."

"ఇల్లు ఎక్కడ కడతారో తేలిందా?" అన్నాను. నాకు కావలసింది అదొక్కటే మరి.

"అదే ముందు తేలాలి. ఇల్లు ఇక్కడ అంటే ఆట ఒకలా పోతుంది, అక్కడ అంటే ఇంకోలా పోతుంది. కమిటీలేమో మంచి వ్యూ ఉన్న గుట్ట చూసి ఇల్లు కట్టేసి, ఇహ గుంటలు తవ్వవయ్యా అని నన్ను పిలుస్తారు. చెప్పులు కొనుక్కొచ్చి, వాటికి సరిపడా కాళ్ళు కుట్టమన్నట్టు."

మన కమిటీ కూడా తక్కువది కాదు. నడిమధ్య ఉన్న ఉరిదిబ్బ నెత్తిన కట్టాలని దివాను పట్టు. దొరసాని గారి కిటికీలోంచి చూస్తే దాని గోపురం కనబడాలట. స్ట్రాకన్ దిబ్బ ఎక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. అక్కణ్ణుంచి పొద్దున మొదటి దెబ్బ కొడితే బంతి నేరుగా సూర్యుడిలోకి పోతుంది. సాయంత్రం చివరి గుంటకి వచ్చేసరికి మళ్ళీ సూర్యుడే ఎదురు. ఆట మొదట్లో కళ్ళు పోయి, ఆట చివర్లో కళ్ళు పోతే మనిషికి మిగిలేదేమిటని అడిగాడు. పైగా అలసిపోయిన కాళ్ళతో ఆఖర్న గుట్ట ఎక్కాలి. డాక్టరు గారు, "ఎక్కలేక పడిపోతే నాకు పనేగా" అన్నారట. దివానుకి నవ్వు రాలేదట.

చివరికి మధ్యేమార్గంగా, దిబ్బ నెత్తిన కాకుండా దిబ్బ కింద, మైదానానికి సరిగ్గా నడుమ, ఒక శుక్రవారం నాడు స్ట్రాకన్ సున్నం పూసిన నాలుగు గూటాలు పాతాడు. సోమవారం కమిటీ వచ్చి చూసి సరేనంటే అదే స్థలం.

ఆ రోజు భోజనం దగ్గర ఆయన వేలితో బల్ల మీద గీసి చూపించాడు. ఇల్లు నడుమ ఉంటే ఆట రెండు చుట్లు అవుతుంది. తొమ్మిది గుంటలు ఉత్తరాన తిరిగి ఇంటికే వస్తాయి, ఇంకో తొమ్మిది దక్షిణాన తిరిగి మళ్ళీ ఇంటికే వస్తాయి. పట్నాల్లో ఇప్పుడు అదే మోజట. తొమ్మిది ఆడి మానేద్దామనుకున్నవాడు మానెయ్యొచ్చు, దాహం వేసినవాడు లోపలికి పోయి తాగొచ్చు.

"మరి మా గుమ్మం దాకా ఎవరూ రారా?" అన్నాను.

"దగ్గరికి వస్తారు. ఆగరు," అన్నాడు. అని, నా మొహం చూసి చెంచా కింద పెట్టేశాడు. "నాకూ పూర్తిగా నచ్చలేదమ్మా. నేల మరీ ఇరుకు, నడుంకి కట్టుకునే పట్టీలా ఉంది. రెండు చుట్లు తిప్పితే ఒకడి బంతి ఇంకొకడి నెత్తిన పడుతుంది. కానీ వాళ్ళు గుట్ట వదులుకున్నారు, నేనూ ఏదో ఒకటి వదులుకోవాలి కదా. అసలు ఒక చోటు మంచిదా కాదా తెలియాలంటే పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా అక్కడ ఊరికే కూచుని చూడాలి. ఊరికే కూచోనిచ్చే కమిటీ ఇంకా పుట్టలేదు."

గేవిన్, ఆ పూట నాకు ముద్ద దిగలేదు. సోడా పోతే ఈ ఇల్లు నిలవదు. ఇల్లు నిలవకపోతే నీ ప్రశ్నకి జవాబు నేను చెప్పనక్కర్లేదు, దానంతట అదే వస్తుంది. మీ అమ్మ మాత్రం, "అలా గుడ్లప్పగించి కూచుంటే గూటాలు నడిచి వస్తాయేంటే?" అని కసిరింది.

మర్నాడు శనివారం. స్ట్రాకన్ ఏదో పని మీద పొద్దున్నే రైలెక్కి వెళ్ళాడు. మధ్యాహ్నానికి సముద్రం మీంచి మంచు దిగింది. ఎలాంటి మంచో నీకు తెలుసు. గుమ్మంలో నిలబడితే సొంత చెయ్యి కనబడదు. సాయంత్రం దాకా అలాగే ఉండి, చీకటి పడ్డాక వెలిసింది. రాత్రి రైలుకి స్ట్రాకన్ తిరిగొచ్చాడు.

ఆదివారం ప్రార్థనకి అందరం బయల్దేరాం. చర్చి దగ్గరికి వచ్చేసరికి జనమంతా రోడ్డు మీదే ఆగిపోయి ఉన్నారు. స్టేషనుకి ఇవతల చర్చి మాన్యం గోడ నిరుడు తుఫానుకి కూలిందని రాశాను చూడు, ఆ గండిలోంచి లోపలికి చూస్తున్నారు. మాన్యం నడుమ, పాస్టరు గారి ఆవు పక్కన, సున్నం పూసిన నాలుగు గూటాలు నిలబడి ఉన్నాయి. ఆవు ఒకదానికి వీపు రుద్దుకుంటోంది.

దివాను మొహం ఉడకబెట్టిన పీతలా అయింది. "ఎవడు చేశాడీ పని? పీకండి! ఇప్పుడే పీకి అవతల పారెయ్యండి!" అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. చర్చి పెద్ద రానల్డ్‌సన్ గొంతు సవరించుకుని, "ఆదివారమండీ," అన్నాడు.

"నాలుగు కర్రలు పీకడానికి కూడా ఆదివారమేనా?"

అప్పటికి పాస్టరు గిలీస్ గారు వచ్చారు. నల్లకోటు, చేతిలో గ్రంథం. గూటాల వంక చూశారు, ఆవు వంక చూశారు. "పాతడం పనే అయితే పీకడమూ పనే క్రూక్‌షాంక్ గారూ. రేపు పొద్దుటిదాకా అవి ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. లోపలికి రండి, ఆలస్యమవుతోంది," అన్నారు.

ఆ రోజు ప్రసంగం దేని గురించో అడక్కు. నాకే కాదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరి తలలూ కిటికీ వైపే. ప్రార్థన అయ్యాక, మనలాంటి దూరపువాళ్ళం సాయంత్రం ప్రార్థన దాకా సమాధుల దగ్గరే కూచుని రొట్టె తింటాం కదా, ఆ వేళ దగ్గరవాళ్ళు కూడా ఇంటికి పోలేదు. అందరూ మాన్యం గోడ పొడుగునా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ముట్టుకోకూడదు, అడుగుతో కొలవకూడదు, వేలు పెట్టి చూపించినా తప్పేనేమోనని గడ్డాలతో చూపించుకుంటున్నారు. చూడటం ఒక్కటే పాపం కాదు గనుక, చూశారు. ఇంతమంది ఇంతసేపు ఒక్క చోటుని చూడటం నేను పుట్టి ఎరగను.

స్ట్రాకన్ ఆ కూలిన గోడ రాళ్ళ మీద కూచున్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, నోట్లో చల్లారిన పైపు పెట్టుకుని, పొద్దుట్నుంచి అక్కడే. కాసేపటికి పాస్టరు గారు వెళ్ళి పక్కన కూచున్నారు. మీ అమ్మ చెవుడు వల్ల నేను ఆవిణ్ణి దగ్గరగా కూచోబెట్టక తప్పలేదు, అందుకని నాకు అన్నీ వినబడ్డాయి. అది నా తప్పు కాదు.

"పని చేస్తున్నారా మిస్టర్ స్ట్రాకన్?" అన్నారు పాస్టరు గారు.

"లేదండీ. కూచున్నాను."

"కూచుని ఏం చూస్తున్నారు?"

"మీ చర్చి చెట్లు పడమటి గాలిని ఆపేస్తున్నాయి. అక్కడ దిబ్బ దగ్గర గడ్డి ఎలా అల్లాడుతోందో చూడండి. ఇక్కడ మీ ఆవు చెవి కూడా కదలట్లేదు. మొదటి దెబ్బ దక్షిణానికి పోతుంది, చివరి దెబ్బ ఉత్తరానికి వస్తుంది. పొద్దునా సాయంత్రం సూర్యుడు పక్కనే ఉంటాడు, కళ్ళల్లో ఉండడు. నీళ్ళకి మీ బావి ఉంది. రైలు దిగినవాడు బూట్లు తడవకుండా వచ్చేస్తాడు."

"ఇదంతా ఆలోచన. ఆలోచన కూడా పనే."

"అయితే మీరు అడక్కండి, నేను ఆలోచించను."

పాస్టరు గారు నవ్వారు గేవిన్. గిలీస్ గారు. నిజంగా నవ్వారు, పళ్ళు కూడా కనబడ్డాయి. ఆవు వంక చూస్తూ, "ఈ గోడ కట్టించమని దొరగారికి ఏడాదిగా చెబుతున్నాను. ఆవు రోజూ రైలు పట్టాల మీదికి పోతోంది. క్రూక్‌షాంక్ ఎన్నిసార్లు సరేనన్నాడో లెక్కలేదు," అన్నారు.

"ఇక్కడ దొరగారి క్లబ్బిల్లు ఉంటే ఆ గోడ వారం తిరక్కుండా లేస్తుంది," అన్నాడు స్ట్రాకన్, ఆకాశం వంక చూస్తూ.

పాస్టరు గారు ఆ మాట విని కూడా అక్కణ్ణుంచి లేవలేదు. పొద్దు వాలుతుంటే మళ్ళీ మంచు వచ్చింది. సముద్రం మీంచి పాకుతూ వచ్చి ఉరిదిబ్బ కింద పల్లంలో పడుకుంది. శుక్రవారం గూటాలు పాతిన చోటు మొత్తం మునిగిపోయింది. మాన్యం గట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇక్కడ ఇంకా ఎండ ఉంది. గోడ పొడుగునా నిలబడ్డవాళ్ళందరూ అది చూశారు. దివాను కూడా చూశాడు. చూడనట్టు గడియారం తీసి చూసుకున్నాడు.

సోమవారం పొద్దున్న కమిటీ మొత్తం మాన్యంలోకి వచ్చింది. నేను సోడా బుట్టతో వెళ్ళాను, సోడా ఇవ్వడానికే అనుకో. దివాను గూటాల నడుమ నిలబడి చేతులు చాపాడు. "ఇది క్లబ్బిల్లా, కోళ్ళ గూడా? డాక్టరు గారు ఒక్కరు నిలబడితేనే ఇల్లు నిండిపోయింది! ఎవడో తాగుబోతు బెస్తవాడు మనల్ని వెక్కిరించడానికి పెట్టాడు. వాళ్ళ పచ్చిక పోతుందని కడుపుమంట. ఎవడో తేల్చి, దొరగారి ఇసుక మీద వల ఆరేసుకోకుండా చేస్తాను."

బుట్ట కింద పెట్టేసి నోరు తెరవబోయాను.

"గూటాలు నావండీ," అన్నాడు స్ట్రాకన్.

"మీరు పెట్టారా ఇక్కడ?"

"నా గూటాలు ఎక్కడుంటే అది నా పనే. కొలతలో పొరపాటుంది, ఒప్పుకుంటాను. ఆ మూల రైలు వైపు జరగాలి, ఈ మూల బావి వైపు. చోటు మాత్రం ఇదే. ఇక్కడ కాక ఇంకెక్కడైనా కట్టేటట్టయితే, ఆ మైదానం గీసింది స్ట్రాకన్ అని ఎవరితోనూ చెప్పకండి."

మైదానం మీద పేరు పడటం కోసమే వచ్చిన మనిషి ఆ మాట అనేసరికి అందరూ దివాను మొహం వంక చూశారు. డాక్టరు గారే ముందు తేరుకుని, "నిన్న సాయంత్రం అందరం చూశాంగా క్రూక్‌షాంక్. ఆ పల్లంలో కడితే నాకు ఆట ఉండదు, దగ్గులు వినడమే ఉంటుంది," అన్నారు. పాస్టరు గారు తన షరతులు చెప్పారు. లోపల చుక్క సారా ఉండకూడదు, ఆదివారం తలుపు తియ్యకూడదు, మాన్యం గోడ ముందు కట్టి ఇల్లు తర్వాత కట్టాలి, ఇల్లు కూడా రేకుది కాదు, రాతిది కట్టాలి. "సైతాను ఇల్లు నా పక్కనే వస్తే వచ్చింది. లోపలికి ఎవరెవరు పోతున్నారో నా కిటికీలోంచి చూసుకుంటాను," అన్నారు. మాన్యం కౌలుకివ్వడానికి పై పెద్దల సభ ఒప్పుకోవాలి. ఆ పూటే రాశారు. ఒప్పుకుంటారనే అందరూ అంటున్నారు.

అంటే, ఇల్లు ఉత్తరపు కొసనే గనుక, ఆట పాతదారినే పోతుంది గేవిన్. ఉత్తరాన మొదలై, మన గుమ్మం ముందు తిరిగి, ఇంటికి పోతుంది. పైగా ఆ ఇంట్లో సారా దొరకదు. నా సోడా బుడ్లు సరిపోతాయో లేదోనని భయంగా ఉంది.

ఇక దాచను. ఆ గూటాలు జరిపింది నేనే.

మీ అమ్మ కసిరిన మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. శనివారం మంచు దిగగానే శాలువా కప్పుకుని బయల్దేరాను. గూటాలు పీకి ఒళ్ళో వేసుకున్నాను. వాటిని స్టేషను పక్క బెస్తవాళ్ళ పచ్చిక మీద పాతాలని నా ఆలోచన. ఉత్తరానికి పోవాలంటే సముద్రం చప్పుడు కుడిచెవికి వినబడాలి కదా. కానీ ఆ మంచులో సముద్రం అన్ని వైపులా ఉంది. నడిచాను, నడిచాను. కాలి కింద రాళ్ళు తగిలాయి, స్టేషను మెట్లనుకున్నాను. కూలిన గోడ అది. మెత్తటి పచ్చిక తగిలింది, చేరాననుకున్నాను. ఎవరో పక్కనే గట్టిగా ఊపిరి తీశారు. స్టేషను మాస్టరే అనుకుని, "తప్పైపోయిందండీ, ఎవరికీ చెప్పకండి," అన్నాను. జవాబు రాలేదు. మంచివాడు, చూసీచూడనట్టు ఊరుకున్నాడనుకుని గబగబా గూటాలు పాతేసి వచ్చేశాను. నేను క్షమాపణ చెప్పుకున్నది ఆవుకని ఆదివారం పొద్దున్న తెలిసింది. ప్రార్థనలో తల వంచుకుని ఏడుస్తున్నానని రానల్డ్‌సన్ భార్య అనుకుంది. నవ్వాపుకోలేక చచ్చాను. ఆ వెంటనే భయంతో చచ్చాను.

సోమవారం సాయంత్రం స్ట్రాకన్ పొయ్యి దగ్గర కూచుని బూట్లు ఆరబెట్టుకుంటూ, "మైసీ అమ్మా, ఇంకెప్పుడైనా ఇల్లు కొలవాలంటే సొంత వంటిల్లు కొలవకండి," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"ఈ వంటింట్లో మోకాలు తగలకుండా తిరగడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ గూటాల మధ్య నిలబడగానే నా మోకాలు తనంతట తనే పక్కకి జరిగింది. ఇక్కడ పొయ్యి, అక్కడ బల్ల. ఇంక ఎవరు పెట్టారని వేరే అడగాలా?"

నిజమే. కళ్ళు కనబడనప్పుడు నా కాళ్ళకి తెలిసిన కొలత అదొక్కటే. సిగ్గుతో చచ్చిపోయి, "నా మీద జాలిపడి చేశారా ఇదంతా?" అని అడిగేశాను.

ఆయనకి కోపం వచ్చింది. "జాలా? మీ సోడా కోసం నా పేరు పాడుచేసుకుంటానా? ఆ చోటు బాగుండకపోతే సోమవారం తెల్లారేసరికి వాటిని పీకి ఈ పొయ్యిలోనే పెట్టేవాణ్ణి. మీరు తప్పు చేశారు. ఆ తప్పు నాకు ఒక ఆదివారం ఇచ్చింది. అంతే," అన్నాడు. తర్వాత మెత్తబడి, "రాతి ఇల్లు అన్నాడు పాస్టరు. ఇక్కడ రాతిపని తెలిసినవాడు ఎవరున్నారు?" అన్నాడు.

మీ అమ్మకి ఏ మాటా వినబడదు కదా, ఈ మాట వినబడింది. నేను నోరు తెరిచేలోపే, "మావాడున్నాడు. వాడు కట్టిన కప్పు కిందే కూచున్నావయ్యా. ఒక్క చుక్క కారిందేమో చెప్పు," అంది.

నేనూ చెప్పాను గేవిన్. నిన్ను అడక్కుండానే నీ పేరు చెప్పాను. ముందు మాన్యం గోడ, తర్వాత క్లబ్బిల్లు, ఆ తర్వాత రైలువాళ్ళు కట్టబోయే హోటలు. ఆయన పేరు రాసుకుని కమిటీకి చెప్పాడు. డాక్టరు గారు నాతో స్వయంగా అన్నారు, మార్చిలో వచ్చేటట్టయితే ఆ పని నీదేనని. ఇంకెవరినీ పిలవకుండా క్రిస్మస్ దాకా నీ జవాబు కోసం ఆగుతారట.

ఇప్పుడు నీ ప్రశ్న. నేను రాను.

సోడా వ్యాపారం వదిలి రాలేనని ఇన్నాళ్ళూ రాస్తూ వచ్చాను. అది అబద్ధం కాదు, కానీ అసలు సంగతీ కాదు. మా అన్న మొదట ఒక్కడే న్యూజిలాండ్ వెళ్ళాడు. వెళ్ళినంతకాలం ప్రతి ఉత్తరంలోనూ ఇంటికి వస్తాను, ఇంటికి వస్తాను అని రాసేవాడు. వదిన పిల్లల్ని తీసుకుని వెళ్ళాక ఆ మాట రాయడం మానేశాడు. ఇప్పుడు బాగానే ఉన్నారు, నేను కాదనను. కానీ వాళ్ళింట్లో ఇప్పుడు దివాను గొర్రెలు పడుకుంటున్నాయి. ఇంట్లో ఒక మనిషి ఉంటేనే కదా, దూరాన ఉన్న మనిషి ఇంటికి వస్తాననగలడు. ఆ మాట నీ నోటినుంచి పోకూడదని నేనిక్కడ కూచున్నాను. గూటాలు జరిపింది కూడా అందుకే. సోడా కోసం అనుకున్నానుగానీ, మంచులో నడుస్తున్నంతసేపూ నా బుర్రలో సోడా లేదు, నువ్వే ఉన్నావు. భయపడ్డాను గేవిన్. ఈ ఇల్లు మూతబడితే నీ దగ్గరికి రావడం తప్ప నాకు దారి ఉండదని, వస్తే ఇక ఇద్దరం ఎప్పటికీ తిరిగి రామని భయపడ్డాను. నీ మీద ప్రేమ లేక కాదు. ఇది నీకు ఎదురుగా చెప్పాలంటే నాకు నోరు రాదు, అందుకే కాగితం మీద పెట్టాను.

నువ్వు సంతకం పెట్టి అక్కడే ఉంటానంటే నేను నిన్ను తిట్టను. బాధపడతాను, అంతే. కానీ పెట్టవని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకంటే అక్కడ నువ్వు కట్టేది సముద్రానికి అడ్డుగోడ, దాని లోపల నీవాళ్ళు ఎవరూ ఉండరు.

చలికాలపు మంచు కరిగి నేల మెత్తబడగానే పునాది తవ్వుతారట. మొదటి రాయి పెట్టే మనిషి కోసం ఊరంతా ఎదురుచూస్తోంది. నేనూ చూస్తున్నాను.

ఇట్లు,
రేవిల్లు గుమ్మంలోంచి,
నీ భార్య
మైసీ